కంప్లైంట్ ఎప్పుడు 'వింజింగ్' అవుతుంది

ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మధ్య జరిగే యాషెస్ క్రికెట్ సిరీస్ ఫాలో అయ్యేవాళ్ళకి 'వింజింగ్ పామ్స్' అనే మాట ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. ఇంగ్లండ్ ప్లేయర్లు అంపైరింగ్ మీదో పిచ్ మీదో నోరు తెరిస్తే చాలు, ఆస్ట్రేలియా వైపు నుంచి ఈ రెండు మాటలు వచ్చి పడతాయి. పామ్ అంటే ఇంగ్లండ్ వాడు, వింజ్ అంటే ఎప్పుడూ ఏదో ఒకటి బాలేదని ఏడవడం. వినడానికి చిన్న తిట్టే, కానీ దీని వెనక వెయ్యేళ్ళ చరిత్ర ఉంది, పది లక్షల మంది వలస కథ కూడా ఉంది, అదంతా చూస్తే ఒక విషయం బాగా తెలుస్తుంది. ఆ కంప్లైంట్‌లో న్యాయం ఉందా లేదా అన్నది ఈ మాట ఎప్పుడూ చెప్పదు, వినేవాడికి వినే ఓపిక లేదు అన్నది మాత్రమే చెబుతుంది.

ముందు అర్థం సంగతి. ఒక్కసారి చేసే కంప్లైంట్‌ని ఎవరూ వింజింగ్ అనరు. కరెంటు పోయిందని ఆఫీసుకి ఫోన్ చేస్తే అది మామూలు కంప్లైంట్, కరెంటు వచ్చాక కూడా 'మన కాలనీకే ఇలా అవుతుంది, మన ఖర్మే ఇంత' అని రాత్రి పడుకునేదాకా ఇంట్లోవాళ్ళ చెవులు తినేస్తే అది వింజింగ్. అంటే అది పదేపదే ఉండాలి, గొంతులో సాగదీత ఉండాలి, విషయం చిన్నదై ఉండాలి (కనీసం వినేవాడి లెక్కలో), పైగా దాన్ని సరిచేసుకోవడానికి చెప్పేవాడు ఏమీ చేయట్లేదన్న చిరాకు కూడా ఆ మాటలో కలిసి ఉంటుంది. మనం 'వాడిదెప్పుడూ ఏదో ఒక ఏడుపు' అంటాం కదా, కళ్ళల్లో చుక్క నీళ్ళుండవు, అయినా ఏడుపే అంటాం, ఇంచుమించు అదే ఇది. పిల్లలైతే గునుస్తున్నారు అంటాం, పెద్దవాళ్ళైతే సణుగుతున్నారు అంటాం.

దీనికి అక్కలాంటి మాట ఇంకోటి ఉంది, వైన్. తాగే వైన్ కాదు, కుక్కపిల్ల కుయ్ కుయ్ మనడం, మోటారు సన్నగా కీచుమనడం, పిల్లాడు బొమ్మ కోసం రాగం తీయడం, వీటన్నిటికీ వాడే వైన్. అమెరికా వాళ్ళు కంప్లైంట్ల విషయంలో కూడా ఇదే వాడతారు, వింజ్ అంటే అక్కడ చాలామందికి బ్రిటిష్ మాటలా వినిపిస్తుంది. బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళకి మాత్రం రెండూ ఉన్నాయి, తేడా కూడా పాటిస్తారు. కుక్కా మోటారూ వైన్ చేస్తాయి కానీ వింజ్ చేయవు, వింజ్ ఎక్కువగా మనుషులకే.

విచిత్రం ఏంటంటే ఇవాళ ఎక్కువగా మనుషులకే మిగిలిన ఈ మాట మొదట్లో కుక్కలది. పాత ఇంగ్లీషులో హ్విన్సియన్ అని ఒక క్రియ ఉండేది, కుక్కలు మూలగడం అని దాని అర్థం. దానికి చుట్టం హ్వీనన్ అనే ఇంకో క్రియ, బాణం గాల్లో రయ్యిమని దూసుకెళ్ళే శబ్దానికి వాడేవాళ్ళు, ఇప్పటి వైన్ దాన్నుంచే వచ్చింది. జర్మన్‌లో ఇప్పటికీ విన్సెల్న్ అనే మాట ఉంది, కుక్క కుయ్యిమనడం అనే అర్థంలోనే. అంటే ఈ కుటుంబం మొత్తం శబ్దాన్ని అనుకరిస్తూ పుట్టిన కుటుంబం. బాణం శబ్దం నుంచి బలహీనంగా కంప్లైంట్ చేయడం అనే అర్థానికి వైన్ రావడానికి చాలా కాలం పట్టింది, ఆ అర్థం 1520ల నుంచి రాతల్లో కనిపిస్తుంది. వింజ్ మాత్రం శతాబ్దాల పాటు స్కాట్లండ్‌లో, ఉత్తర ఇంగ్లండ్ మాండలికాల్లో ఉండిపోయింది, లండన్ వైపు వాళ్ళు పెద్దగా వాడేవాళ్ళు కాదు. ఇరవయ్యో శతాబ్దంలో అది బయటికొచ్చి అందరి నోళ్ళలో పడటానికి ఆస్ట్రేలియా వాడకం కూడా బాగా తోడైంది, ఆ కథ కాసేపట్లో.

శబ్దం నుంచి పుట్టిన మాట కావడం అనేది ఇక్కడ చిన్న విషయం కాదు. కుక్క కుయ్యిమంటుంటే దానికి ఆకలేస్తోందా, కాలికి దెబ్బ తగిలిందా, బయటికెళ్ళాలా అన్నది ఆ శబ్దం బట్టి తెలీదు, మనకి తెలిసేది శబ్దం ఇబ్బందిగా ఉందని మాత్రమే. మనిషి చెప్పే మాటని ఈ పేరుతో పిలిచిన క్షణంలో ఆ మాటలోని విషయం పోయి రొద ఒక్కటే మిగులుతుంది. తెలుగులో కూడా అచ్చం ఇదే జరిగింది చూడండి, సణసణ, గొణగొణ, రుసరుస, చిటపట అన్నీ శబ్దాలే. గొణుగుడు అంటే ఎదుటివాడికి అర్థం కాకుండా లోపల్లోపల అనుకోవడం, సణుగుడు అంటే అర్థమయ్యేలానే కానీ సూటిగా మొహం మీద చెప్పకుండా అనడం, ఈ తేడా ఇంట్లో అందరికీ తెలుసు. నేరుగా అడిగే అధికారం లేనివాళ్ళకే ఈ రెండూ ఎక్కువగా అంటగడతాం, కోడలు సణుగుతుంది, పనిమనిషి గొణుగుతుంది, ఇంటి పెద్దాయన మాత్రం అవే మాటలు అంటే కేకలేశాడు అంటాం తప్ప సణిగాడు అనం.

తెలుగు బైబిల్ చదివినవాళ్ళకి సణుగు అనే క్రియ బాగా పరిచయం. ఐగుప్తు (ఈజిప్టు) నుంచి బయల్దేరిన ఇశ్రాయేలీయులు ఎడారిలో తిండి లేక తమ నాయకులు మోషే మీద, అహరోను మీద సణిగారని నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఉంటుంది. చర్చిలో ఈ భాగం చెప్పేటప్పుడు సాధారణంగా సణగకూడదు అనే పాఠమే చెబుతారు. కానీ ఆ అధ్యాయం వరసగా చదివితే ఆ సణుగుడు తర్వాతే మన్నా, అంటే ఆకాశం నుంచి కురిసిన తిండి, వచ్చింది, అంటే కంప్లైంట్ విన్నారు, తిండి పెట్టారు. తర్వాత సంఖ్యాకాండం 11లో వాళ్ళే మళ్ళీ మొదలుపెడతారు, ఐగుప్తులో తిన్న చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి గుర్తుచేసుకుని ఇప్పుడు మన్నా తప్ప ఏమీ కనబడట్లేదని ఏడుస్తారు, ఈసారి కోపమే ఎదురవుతుంది. ఆకలికి సంబంధించిన కంప్లైంట్‌కీ రుచికి సంబంధించిన కంప్లైంట్‌కీ మధ్య గీత ఎక్కడ గీయాలి అన్నది అంత పాత ప్రశ్న. అదే బైబిల్లోని యిర్మీయా ప్రవక్త పేరు మీద ఫ్రెంచ్ ద్వారా ఇంగ్లీషులోకి జెరెమైయాడ్ అనే మాట కూడా వచ్చింది, దేశం నాశనమైపోతోందని సాగే పొడుగాటి గోడు అని అర్థం, విలాపవాక్యములు ఆయన రాసినవే అన్న సంప్రదాయం వల్ల.

ఇంగ్లీషులో ఇలాంటి మాటలు చాలావరకు శబ్దం నుంచో శరీరం నుంచో వచ్చినవే. అసలు కంప్లైన్ అన్న మామూలు మాటే తీసుకోండి, దాని లాటిన్ మూలం ప్లాంజెరె అంటే కొట్టడం, దుఃఖంలో గుండెలు బాదుకోవడం అన్నమాట. మనవైపు గుండెలు బాదుకోవడం అనేది ఇంకా ఒంటి మీద ఉన్న మాట, వాళ్ళకి అది మాసిపోయి కస్టమర్ కేర్ మాటైపోయింది. క్వెచ్ అని ఇంకోటుంది, యూదుల ఇడ్డిష్ భాష నుంచి న్యూయార్క్ వైపు వెళ్ళింది, మూలార్థం పిండటం, నొక్కడం. గ్రౌస్ అనేది 1880ల్లో బ్రిటిష్ సైన్యంలో సిపాయిల యాస, అది ఎక్కడ్నుంచి వచ్చిందో గట్టిగా తేలలేదు. క్వెరులస్ (ఎప్పుడూ ఏదో ఒకటి బాలేదనే మనిషి) అనే మాటకీ క్వారల్ అనే మాటకీ లాటిన్‌లో తల్లి ఒక్కటే, మొరపెట్టుకోవడం అనే క్రియ, ఆ మొర ముదిరితే క్వారల్, అంటే గొడవ.

వీటిల్లో మన ఇళ్ళకి బాగా దగ్గరైనది గ్రైప్. పట్టుకోవడం, బిగించడం అనే పాత అర్థం నుంచి కడుపులో మెలిపెట్టే నొప్పికి పేరైంది, దాన్నుంచి 1930ల అమెరికాలో ఊరికే అసంతృప్తి వెళ్ళగక్కడం అనే అర్థం వచ్చింది. చంటిపిల్లల గ్రైప్ వాటర్ సీసా మీద ఉన్న గ్రైప్ ఇదే. 1851లో విలియం వుడ్‌వర్డ్ ఇంగ్లండ్‌లో తయారుచేసిన ఆ మందు తెలుగు ఇళ్ళల్లో తరతరాలుగా వాడిందే. పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే ఇంట్లోవాళ్ళు ముందు పొట్ట మీద చెయ్యేసి చూస్తారు, గట్టిగా ఉందా, గ్యాస్ పట్టిందా, పాలు అరగలేదా అని, అంటే ఆ ఏడుపుకి కారణం ఉండే ఉంటుందని అందరూ నమ్ముతారు. అదే బిడ్డ ఐదేళ్ళవాడయ్యాక ఏడిస్తే నస అంటారు. మధ్యలో మారింది బిడ్డ పొట్ట కాదు, చుట్టూ ఉన్నవాళ్ళ నమ్మకం.

ఇప్పుడు ఆస్ట్రేలియా. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక అంత పెద్ద దేశంలో జనం చాలరు, ఫ్యాక్టరీలకి మనుషులు కావాలి, మళ్ళీ యుద్ధం వస్తే కాపాడుకోవడానికి కూడా మనుషులు కావాలి అనే ఆలోచనతో ఆర్థర్ కాల్వెల్ మొదటి ఇమిగ్రేషన్ మంత్రిగా ఉన్నప్పుడు పెద్ద ఎత్తున వలసల ప్లాన్ మొదలైంది. వాళ్ళకి అందరికన్నా ముందు కావాల్సింది బ్రిటన్ నుంచి వచ్చే తెల్లవాళ్ళు, అందుకే ఓడ టికెట్‌లో ఎక్కువ భాగం ప్రభుత్వాలే భరించి, పెద్దవాళ్ళ దగ్గర పది పౌండ్లు తీసుకుని, పిల్లల్ని ఫ్రీగా తీసుకెళ్ళారు. షరతు ఏంటంటే రెండేళ్ళు అక్కడే ఉండాలి, ముందే వెనక్కి వచ్చేస్తే ప్రభుత్వం పెట్టుకున్న టికెట్ డబ్బులు కట్టాలి, తిరుగు ప్రయాణం ఖర్చు ఎలాగూ సొంతమే. అలా దశాబ్దాలపాటు పది లక్షల మందికి పైగా వెళ్ళారు, టెన్ పౌండ్ పామ్స్ అనే పేరు వాళ్ళకి పడింది. తర్వాత ప్రధాని అయిన జూలియా గిలార్డ్ కూడా చిన్నపిల్లగా 1966లో వేల్స్ నుంచి ఇలాగే వచ్చారు.

పామ్ అనే మాట గురించి ఇక్కడే చెప్పేయాలి. ప్రిజనర్ ఆఫ్ మదర్ ఇంగ్లండ్ అనే దానికి పొట్టి పేరు అని ఒక కథ చాలా తిరుగుతుంది, అది తర్వాత అల్లిందే. 1912 నాటి ఆస్ట్రేలియా రాతల్లో కనిపించేదాన్ని బట్టి ఇమిగ్రెంట్ అనే మాటకి ప్రాసగా జిమ్మీ గ్రాంట్ అని, దాన్ని మళ్ళీ పామెగ్రానేట్ అంటే దానిమ్మతో కలిపి ఆడుకున్నారు, కొత్తగా దిగినవాళ్ళ బుగ్గలు ఎండకి ఎర్రగా కందిపోతాయి కాబట్టి దానిమ్మ బాగా అతికింది. అంటే ఇంగ్లండ్ వాడు అని కాక వలసవాడు అనే వెక్కిరింపుతోనే ఆ పేరు పుట్టింది.

వచ్చినవాళ్ళకి పోస్టర్లలో చూపించింది బీచ్‌లూ, తోట ఉన్న ఇళ్ళూ, బోలెడు ఎండా. సొంతవాళ్ళు స్పాన్సర్ చేయని కుటుంబాలు దిగింది మాత్రం హాస్టళ్ళలో, వాటిల్లో చాలా చోట్ల నిస్సెన్ గుడిసెలు. యుద్ధకాలంలో సైన్యం కోసం డిజైన్ చేసినవి అవి, ముడతల ఇనుప రేకుని సొరంగంలా సగం గుండ్రంగా వంచి నేల మీద బోర్లిస్తే అదే గోడ, అదే కప్పు. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం గడిపిన తెలుగువాళ్ళకి ఆ లోపల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. స్నానాలగదులు అందరికీ కలిపి, భోజనం కామన్ క్యాంటీన్‌లో, గదిలో సొంతంగా వండుకోవడానికి కుదరదు, రోజూ గొర్రె మాంసం, అదే వాసన. పైగా ఇంగ్లండ్‌లో ఏళ్ళ తరబడి చేసిన పని తాలూకు క్వాలిఫికేషన్‌కి ఇక్కడ లెక్కలేదు అనే సమస్య చాలామందికి ఎదురైంది. హాస్టల్ చార్జీలు పెంచినప్పుడు 1950ల మొదట్లో కొన్ని చోట్ల బ్రిటిష్ కుటుంబాలు కట్టం అని మొండికేసి ఉద్యమం కూడా చేశాయి. చేతిలో ఓడ టికెట్ డబ్బులు లేని మనిషి రెండేళ్ళ షరతు మీద రేకుల గుడిసెలో పిల్లల్తో ఉంటూ 'మాకు చెప్పింది ఇది కాదు కదా' అన్నాడంటే, అందులో సాగదీత ఎంత ఉన్నా నిజం కూడా అంతే ఉంది.

దానికి వచ్చిన జవాబే వింజింగ్ పామ్. 1960ల నాటికి ఇది ఆస్ట్రేలియా మాటల్లో స్థిరపడిపోయింది. స్థానికుల వైపు నుంచి చూస్తే వాళ్ళకీ ఒక కారణం ఉంది, పది పౌండ్లకి తీసుకొచ్చాం, ఉద్యోగాలున్నాయి, అయినా 'మా ఊళ్ళో అయితే ఇలా కాదు' అని ప్రతిదానికీ పోలిక పెడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది, పైగా ఆ పోలికలో పాత యజమాని దేశం దర్పం కూడా కొంత వినిపించి ఉంటుంది. అయినా అసలు విషయం వేరే చోట ఉంది. అదే కాలంలో యూరప్ శరణార్థి శిబిరాల నుంచి బాల్టిక్ దేశాల వాళ్ళు, పోలండ్ వాళ్ళు, ఉక్రెయిన్ వాళ్ళు లక్షా డెబ్భై వేల మంది దాకా వచ్చారు, వాళ్ళు ప్రభుత్వం ఎక్కడికి పంపితే అక్కడ రెండేళ్ళు పనిచేయాలనే కాంట్రాక్ట్ మీద వచ్చినవాళ్ళు, డాక్టర్లు కూడా కూలిపనులు చేశారు. బ్రిటిష్ వాళ్ళకన్నా వాళ్ళ కష్టం ఎక్కువ, అయినా వింజింగ్ అనే బిరుదు వాళ్ళకి రాలేదు. ఎందుకంటే వాళ్ళకి ఇంగ్లీషు రాదు, వాళ్ళ కంప్లైంట్ పేపర్‌కి ఎక్కలేదు, నోరెత్తితే పంపించేస్తారేమో అనే భయం వేరే. బ్రిటిష్ వాళ్ళేమో భాష వచ్చినవాళ్ళు, బ్రిటిష్ ప్రజలు కాబట్టి ఆరు నెలలకే ఓటు కూడా వచ్చేది, ఎంపీకి ఉత్తరం రాయగలరు, పేపర్‌కి రాయగలరు. అంటే ఎక్కువ బాధ ఉన్నవాళ్ళు కాదు, బాధ వినిపించే స్థాయిలో ఉన్నవాళ్ళే ఈ పేరు మోశారు. ఈ పాయింట్ వలసల గురించి మాట్లాడే చాలామంది వదిలేస్తారు కానీ ఈ మాట మొత్తం చరిత్రలో ఇదే అసలైన పాయింట్.

ఇంకో లెక్క కూడా చూడాలి. ఆ పది లక్షల మందిలో సుమారు నాలుగో వంతు తిరిగి బ్రిటన్ వెళ్ళిపోయారు, అలా వెళ్ళినవాళ్ళలో దాదాపు సగం మంది మళ్ళీ ఆస్ట్రేలియాకే వచ్చేశారు, వాళ్ళని బూమరాంగ్ పామ్స్ అన్నారు. తిరిగి వచ్చారు కాబట్టి మొదట చేసిన కంప్లైంట్లు ఉత్త ఏడుపే అని కొందరు అంటారు, అలా అనడం కుదరదు. మనిషి ఒక ఊరిని ఇష్టపడుతూనే ఆ ఊళ్ళో ఇల్లు బాలేదని చెప్పొచ్చు, హైదరాబాద్ వదిలి ఉండలేనివాళ్ళే హైదరాబాద్ ట్రాఫిక్ గురించి అందరికన్నా ఎక్కువ మాట్లాడతారు.

ఈ స్కీమ్ నడిచిన ఎక్కువ కాలం భారతీయులకి ఆ దేశంలో స్థిరపడే దారి దాదాపు మూసే ఉంది, వైట్ ఆస్ట్రేలియా పాలసీని పూర్తిగా తీసేసింది 1973లో. ఇవాళ మెల్‌బోర్న్, సిడ్నీల్లో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి, వాళ్ళ మాటల్లో వినిపించే కంప్లైంట్లు వింటే ఆ పాత పామ్‌ల కంప్లైంట్లే గుర్తొస్తాయి, లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదని ఉద్యోగం ఇవ్వట్లేదు, ఇండియాలో డాక్టర్‌గా చేసినా ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాయాలి, రెంట్లు మండిపోతున్నాయి అని. అవి ఎక్కువగా తెలుగువాళ్ళ మధ్యనే, తెలుగులోనే, వీకెండ్ భోజనాల దగ్గరే తిరుగుతాయి, ఆస్ట్రేలియా వాళ్ళ చెవిన పడేది తక్కువ.

క్రికెట్ దగ్గరికొస్తే ఈ మాట ఎటు కావాలంటే అటు తిరుగుతుందని తెలుస్తుంది. 1932-33 బాడీలైన్ సిరీస్‌లో ఏడ్చింది ఆస్ట్రేలియా వాళ్ళు, అంటే ఇంగ్లండ్ దృష్టిలో. ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్‌ని ఆపడానికి ఇంగ్లండ్ కెప్టెన్ జార్డిన్ ప్లాన్ ప్రకారం ఫాస్ట్ బౌలర్ లార్‌వుడ్ బంతులు ఒంటి మీదికి వేసేవాడు, అడిలైడ్ టెస్టులో ఆస్ట్రేలియా కెప్టెన్ వుడ్‌ఫుల్‌కి గుండె దగ్గర తగిలింది, కీపర్ ఓల్డ్‌ఫీల్డ్‌కి పుర్రె ఎముక చిట్లింది. పరామర్శకి వెళ్ళిన ఇంగ్లండ్ మేనేజర్‌తో వుడ్‌ఫుల్ 'రెండు టీములున్నాయి, ఒకటి క్రికెట్ ఆడుతోంది, ఇంకోటి ఆడట్లేదు' అన్న అర్థం వచ్చేలా అన్నాడు. 1933 జనవరి 18న ఆస్ట్రేలియా బోర్డు ఇది క్రీడాస్ఫూర్తి కాదని లండన్‌కి టెలిగ్రాం కొట్టింది. బంతి ఏ ఎత్తులో వస్తోందో కళ్ళారా చూడని ఇంగ్లండ్ పేపర్ల వాళ్ళలో కొందరు ఆస్ట్రేలియన్లని స్క్వీలర్స్ అన్నారు, పందిపిల్లల్లా కీచుమనేవాళ్ళు అని. చూడండి, మళ్ళీ జంతువు శబ్దమే. తర్వాత రూల్స్ మారి లెగ్‌సైడ్ ఫీల్డింగ్ మీద కట్టుబాట్లు వచ్చాయి, అంటే ఆ కీచు మాటల్లో విషయం ఉందని చివరికి అందరూ ఒప్పుకున్నట్టే. లార్‌వుడ్ కథ ఇంకా ముచ్చటైనది, సారీ చెప్పమంటే చెప్పనన్నాడు, ఇంగ్లండ్‌కి మళ్ళీ ఆడలేదు, 1950లో కుటుంబంతో సహా ఆస్ట్రేలియాకే వలస వెళ్ళిపోయి 1995లో చనిపోయేదాకా సిడ్నీలోనే ఉన్నాడు, తనని తిట్టిన దేశమే అతన్ని పెట్టుకుంది.

2008 జనవరి సిడ్నీ టెస్టు మనవాళ్ళకి బాగా గుర్తుండే ఉంటుంది, లక్ష్మణ్ 109, సచిన్ 154 నాటౌట్ కొట్టిన మ్యాచ్, తప్పుడు అంపైరింగ్ మ్యాచ్. ఓడాక మన కెప్టెన్ కుంబ్లే ఒక్క టీమే ఆట స్ఫూర్తితో ఆడిందని అన్నాడు, అది వుడ్‌ఫుల్ మాటకి నీడలా ఉందని అందరికీ అర్థమైంది. తర్వాత పెర్త్ టెస్టుకి అంపైర్ బక్నర్‌ని తప్పించారు. కుంబ్లే అన్నది ఏడుపని కొట్టిపారేయడం కష్టమైంది, ఎందుకంటే అతను తక్కువ మాట్లాడే మనిషి, ఒకే వాక్యం అన్నాడు, వెనక బీసీసీఐ ఉంది. 2023 జూలైలో లార్డ్స్‌లో, బంతి అయిపోయిందనుకుని క్రీజు దాటిన ఇంగ్లండ్ బ్యాటర్ బెయిర్‌స్టోని ఆస్ట్రేలియా స్టంపౌట్ చేసిన గొడవప్పుడు మాత్రం పెర్త్ పేపర్ ఒకటి ఇంగ్లండ్ కెప్టెన్ బెన్ స్టోక్స్‌కి డైపర్ వేసి, నోట్లో పాలపీక పెట్టిన బొమ్మ ఫ్రంట్ పేజీలో వేసి క్రైబేబీస్ అని రాసింది. కుక్క, పందిపిల్ల, ఇప్పుడు పసిబిడ్డ. ఎదుటివాడిని మాటలురాని ప్రాణిగా చూపించడమే ఈ తిట్ల పని.

నిజంగానే కంప్లైంట్ అలవాటైపోయిన మనుషులు లేరా అంటే ఉన్నారు, లేరని చెప్పడం అబద్ధం. సైకియాట్రీలో పారనోయియా క్వెరులన్స్ అనే పాత పేరు ఉంది, చిన్న అన్యాయం ఒకటి పట్టుకుని కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ జీవితం మొత్తం తిరిగే స్థితి. మెల్‌బోర్న్ పరిశోధకులు 2004లో ప్రజల ఫిర్యాదులు వినే ఒంబుడ్స్‌మన్ ఆఫీసులకి పదేపదే వచ్చేవాళ్ళ ఫైళ్ళని మామూలు కంప్లైంట్ల ఫైళ్ళతో పోల్చి చూశారు, పొడుగాటి ఉత్తరాలు, అండర్‌లైన్లు, నష్టపరిహారం మాత్రమే కాకుండా పగ తీరాలనే కోరిక లాంటివి మొదటి రకంలో కనిపించాయి. మనదగ్గర కూడా ఊరికే కేసులు వేస్తూ పోయేవాళ్ళని ఆపడానికి 1949లోనే మద్రాస్ ప్రావిన్స్ ఒక చట్టం చేసింది, అడ్వకేట్ జనరల్ అడిగితే హైకోర్టు పరిశీలించి, ఇకమీదట పర్మిషన్ లేకుండా ఇతను కేసు వేయకూడదని ఆర్డర్ ఇవ్వొచ్చు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఒక మనిషిని అలాంటివాడని తేల్చడానికి చట్టం ఇంత తతంగం పెట్టింది, చెప్పుకునే అవకాశం ఇచ్చి, కారణం రాసి మరీ చేయాలి. నోటితో వింజర్ అనడానికి అర సెకను చాలు.

మన ఆఫీసుల్లో వింజ్ వినపడదు, వినపడేది క్రిబ్బింగ్. హైదరాబాద్ గచ్చిబౌలిలోనైనా విశాఖలోనైనా టీం లీడ్ నోట 'క్రిబ్ చేయకు' అన్న మాట చాలా మామూలు. ఈ అర్థంలో క్రిబ్ పాత బ్రిటిష్ వాడుక, అక్కడ దాదాపు వదిలేశారు, ఇండియన్ ఇంగ్లీషులో మాత్రం పచ్చగా ఉంది, అమెరికా క్లయింట్‌తో అంటే వాళ్ళకి ఉయ్యాల గుర్తొస్తుంది తప్ప ఇది తట్టదు. క్రిబ్ అంటే పశువుల మేత తొట్టి, గుర్రాల్లో క్రిబ్ బైటింగ్ అనే అలవాటుతో ఈ అర్థాన్ని కలిపి చెబుతుంటారు. ఆ అలవాటు ఎలా ఉంటుందంటే గుర్రం ముందుపళ్ళతో తొట్టి అంచునో కంచె కర్రనో పట్టుకుని, మెడ బిగించి, గుక్ మని గాలి లోపలికి లాగుతుంది, రోజంతా అదే పని, కర్ర అరిగిపోతుంది, పళ్ళు అరిగిపోతాయి. ఒకప్పుడు దీన్ని గుర్రం దుర్గుణం అనేవాళ్ళు, గొంతుకి గట్టి పట్టీ కట్టి ఆపేవాళ్ళు, ఇప్పటికీ ఆ పట్టీలు అమ్ముతారు. పశువైద్యులు ఇప్పుడు చెప్పేది వేరు, రోజంతా తిరుగుతూ గడ్డి మేయాల్సిన జంతువుని చిన్న గదిలో కట్టేసి, గడ్డి తగ్గించి దాణా ఎక్కువ పెట్టి, తోటి గుర్రాలకి దూరంగా ఉంచితే ఈ అలవాటు వచ్చే అవకాశం పెరుగుతుంది, ఒకసారి బాగా పడిపోయాక గదిలోంచి బయటికి తెచ్చినా చాలాసార్లు పోదు. 'క్రిబ్ చేయకు' అనే మేనేజర్ చేసేది ఆ పట్టీ కట్టడమే. రాత్రి పదకొండింటి కాల్స్, హైక్ లేని రెండో ఏడాది, లీవ్ పెడితే మొహం ముడుచుకోవడం, ఇవన్నీ అలాగే ఉంటాయి, శబ్దం మాత్రం ఆగుతుంది. ఏళ్ళ తరబడి ఎవరూ వినకపోతే ఆ మనిషికి అది నిజంగానే అలవాటైపోతుంది, కొత్త కంపెనీకి వెళ్ళినా మొదటి వారంలోనే మొదలుపెడతాడు, అప్పుడు అందరూ చూడు వీడు ఎక్కడున్నా ఇంతే అంటారు.

క్యాంటీన్‌లో క్రిబ్బింగ్ అనిపించుకున్న మాటకే కాగితం మీద ఇంకో పేరుంది, గ్రీవెన్స్. దాని మూలం బరువు అనే లాటిన్ మాట, మోయలేని బరువు పడటం అన్నమాట, ఇక్కడ జంతువు శబ్దం ఏదీ లేదు. 2010లో పారిశ్రామిక వివాదాల చట్టానికి చేసిన సవరణలో, 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ కార్మికులున్న చోట గ్రీవెన్స్ కమిటీ ఉండాలని పెట్టారు, యాజమాన్యం వాళ్ళూ కార్మికులూ సమానంగా, చైర్మన్ పదవి ఏడాదికి ఒక వైపు, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా దాన్ని కొనసాగించింది, అప్లికేషన్ వచ్చాక 30 రోజుల్లో తేల్చాలనే గడువుతో. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి కూడా ఇలాంటిదే, అర్జీ రాసి ఇస్తే నంబర్ పడుతుంది, నంబర్ పడిన దాన్ని ఏడుపు అనడానికి ఏ గుమస్తాకీ కుదరదు, జవాబు రాయాలి. అదే అర్జీతో నాలుగోసారి లైన్లో నిలబడ్డ రైతుని చూసి 'ఈయన ప్రతి సోమవారం వస్తాడండీ' అని విసుక్కునేవాళ్ళు, పాత మూడు అర్జీల మీద ఏం రాశారో ఫైలు తీసి చూస్తే ఆయన ఎందుకొస్తున్నాడో అక్కడే ఉంటుంది.